నోటినిండా చీలలు

బావ సుత్తిని ప్లాస్టిక్ సంచిలో కట్టి మరుగుదొడ్డి పక్క గోడకి తగిలించింది అతని సొంత బావమరిదే. ఇందులో వాదించడానికేమీ లేదు. చూసినవాళ్లు ఇద్దరున్నారు. కాదన్నవాడు ఒక్కడూ లేడు. పైగా ఆ సుత్తిని చేత్తో పట్టుకోలేదు. గుడ్డపేలికతో పట్టుకున్నాడు, చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు.

ఆ సోఫాల దుకాణంలో అందరికీ అతను బావే. యజమాని అయిన బావమరిది బావా అని పిలుస్తాడు కాబట్టి కుట్టుమిషను ముందు కూర్చునే మిషనమ్మ బావగారూ అంది. నిచ్చెన అని పేరుపడ్డ పొడుగాటి పనివాడు బావా అన్నాడు. చివరికి కుర్చీలు బాగుచేయించుకోడానికి వచ్చేవాళ్లు కూడా గుమ్మంలో నిలబడి "బావగారు లేరా" అనడం మొదలెట్టారు. ఊరందరికీ బావ అయినవాడికి ఆ కప్పు కింద అసలు బావమరిది ఒక్కడే. సుత్తి తీసింది ఆ ఒక్కడే.

ఆ సుత్తి పిడికి తోలు చుట్టింది బావమరిది అక్క. ఆవిడ పోయింది. తోలు ఉంది.

ఆ ఉదయం బావ వచ్చేసరికి అతని పీట పక్కన సుత్తి లేదు. చీలల మూకుడు కూడా లేదు. దాని బదులు కొత్త డబ్బా, ఇంకా మూత తియ్యనిది, నిచ్చెన పీట దగ్గర ఉంది.

"నా సుత్తేదిరా?"

బావమరిది బల్ల వెనకనుంచి లేవలేదు. కళ్లు కూడా ఎత్తలేదు. "కొన్నాళ్లు పక్కన పెట్టాను బావా."

"కొన్నాళ్లంటే?"

"నయమయ్యేదాకా. మనది నోటితో చేసే పని కదా. అందరం ఒక మూకుట్లోవి తింటున్నాం."

ఆ మాటలో అబద్ధం లేదు. సోఫాకి గుడ్డ బిగించడం రెండు చేతులతో అయ్యే పని కాదు. ఎడంచెయ్యి గుడ్డని లాగి పట్టుకోవాలి. కుడిచెయ్యి కొట్టాలి. మరి చీల అందించేదెవరు? నోరు. గుప్పెడు చిన్న చీలలు నోట్లో వేసుకుంటారు. నాలుక ఒక్కొక్కదాన్నీ తిప్పి, తల బయటికొచ్చేలా పెదాల మధ్యకి తోస్తుంది. సుత్తికి ఒక కొస అయస్కాంతం. అది పెదాల్ని అలా తాకి చీలని ఎత్తుకుపోతుంది. ఒక దెబ్బకి నిలబడుతుంది, రెండో దెబ్బకి దిగుతుంది. అప్పటికి నాలుక మీద ఇంకోటి సిద్ధం. చూసేవాళ్లకి గారడీ, చేసేవాళ్లకి తిండి. సాయంత్రం నోట్లో మిగిలినవి మళ్లీ ఇనప మూకుట్లోకే ఉమ్మేస్తారు. మర్నాడు ఎవరి నోట్లోవి ఎవరి గుప్పెట్లోకి వస్తాయో ఎవరూ చూడరు. బావ నేర్చుకున్న చోటా అంతే. అతను బావమరిదికి నేర్పినప్పుడూ అంతే.

"ఇన్నేళ్లూ ఒకరి ఎంగిలి ఒకరం చప్పరించాం," మిషనమ్మ దారం పంటితో తెంపుతూ అంది. "ఇవాళొచ్చిందా శుభ్రం?"

"నువ్వూరుకో మిషనమ్మా. నీది నోటి పని కాదు."

"నాది నోటి పని కాదా? ఆ మాట మా ఆయనకి చెప్పండి, పండగ చేసుకుంటాడు."

నిచ్చెన నవ్వబోయి ఆపుకున్నాడు. బావ నవ్వలేదు.

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"వెనక షెడ్డులో ఒలుపు పనుంది. హోటలు వాళ్ల పాత కుర్చీలు. నెమ్మదిగా చేసుకో. తొందరేం లేదు."

ఒలుపంటే పాత కుర్చీలకి చీకిపోయిన గుడ్డ పీకి, తుప్పుపట్టిన చీలలు లాగి, లోపలి పీచు దులపడం. పనిలో చేరినవాడికి మొట్టమొదట ఇచ్చేది అదే. బావమరిది నిక్కరు వేసుకుని అక్కచెయ్యి పట్టుకుని వచ్చిన రోజుల్లో అతనికి బావ ఇచ్చిందీ అదే.

ఏరు దాటి తెప్ప తగలేశాడు అనుకున్నాడు బావ. షెడ్డుకి పోయే దారి మరుగుదొడ్డి పక్కనుంచే. సంచిలోంచి సుత్తి కనబడుతోంది, ఉరేసుకున్నవాడిలా తల వాల్చి.

ఇంతకీ అతను చేసిన తప్పేమిటంటే రక్తం ఇవ్వబోవడం. బావమరిది భార్యకి ఆపరేషనన్నారు. ఆవిడ అతన్ని అన్నయ్యా అంటుంది. చెల్లెలి వరసైన మనిషికి రక్తం కావాలంటే అన్న ఆలోచిస్తాడా? అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచాడు. బ్లడ్ బ్యాంకు వాళ్లు తర్వాత ఫోను చేసి రమ్మన్నారు. తలుపు మూసి కూర్చోబెట్టి, మీ రక్తం ఎవరికీ ఎక్కించకూడదు, హెపటైటిస్ సి ఆనవాళ్లున్నాయి, లివరుకొచ్చే జబ్బు, పెద్దాసుపత్రికి వెళ్లండి అన్నారు. ఎవరెవరి రక్తంతోనో ఆపరేషను అయింది. ఆవిడ బాగుంది. నీది ఎందుకు వద్దన్నారు బావా అని బావమరిది అడిగాడు. బావ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఏదో ఒకటి అనేస్తే సరిపోయేది. అలవాటు లేదు.

బావమరిది చెడ్డవాడు కాదని అందరూ అంటారు. అందరూ అనే మాటలు అలాగే ఉంటాయి.

షెడ్డులో దుమ్ము. కుర్చీని బోర్లా తిప్పి, చీలతల కింద ఉలి మొన దూర్చి, చెక్కసుత్తితో ఒక పోటు. వచ్చేవి వచ్చాయి. రానివి తల తెగి లోపలే ఉండిపోయాయి. వాటిని పటకారుతో లాగాలి. మధ్యాహ్నానికల్లా బొటనవేలు చీరుకుపోయింది. అరచెయ్యి రెండుచోట్ల గీసుకుంది. పక్కనున్న పేలికతో తుడుచుకుని దాన్ని పేలికల డబ్బాలో పడేశాడు. కాసేపటికి నిచ్చెన వచ్చి అదే డబ్బాలోంచి చేతికందింది తీసుకుని పోయాడు, చేతులు తుడుచుకోడానికి.

అప్పుడు అందులో ఎవరికీ ఏమీ తోచలేదు. బావకి కూడా తోచలేదు.

*

బావ కూతురు సిటీ బస్సు నడుపుతుంది. బస్సుకున్న బ్రేకులు నోటికి లేవు. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి బాల్కనీలో, చీపురు పక్కన, సొట్టలుపడ్డ పాత పళ్లెమూ గ్లాసూ కనిపించాయి.

"ఇదేంటి నాన్నా? పావురాలకా?"

"నాకు."

"నువ్వెప్పుడు పావురానివయ్యావు?"

బావ చెప్పాడు. బ్లడ్ బ్యాంకు సంగతి చెప్పాడు. అది చెప్పాక సుత్తి సంగతి చెప్పక తప్పలేదు. ఆమె చెప్పులు విప్పకుండానే గోడకి జారబడి వింది. బస్సులో తాగుబోతు ఎక్కినప్పుడు చూసే చూపు చూసింది.

"మావయ్య నిన్ను గోడకి తగిలించాడు. సరే. వాడికి బుద్ధి లేదు. మరి నిన్ను బాల్కనీలో పెట్టిందెవరు?"

"నీకంటుకుంటే?"

"అంటుకుంటుందని ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు."

"అంటుకోదని?"

"అదీ ఎవరూ అన్లేదు."

"అయితే మనిద్దరికీ తెలీదు. మావయ్యకి అసలే తెలీదు. తెలిసినవాళ్లని రేపు పొద్దున అడుగుదాం. ఆ బ్లడ్ బ్యాంకు వాళ్లు వెళ్లమన్న చోటికి వెళ్లకుండా ఆ షెడ్డులోకి వెళ్లి కూచున్నావు చూడు, అదీ నీ తెలివి."

"పని మానెయ్యమంటావా?"

"పన్లోంచి వాడు తీసేస్తే లేదు గానీ, ఒక్కపూట నేను మానమంటే వచ్చిందా పౌరుషం!"

ఆమె లోపలికి వెళ్లింది. పళ్లెం తీసేస్తుందనుకున్నాడు. తియ్యలేదు. తన పళ్లెం కూడా పట్టుకొచ్చి, చీపురుని కాలితో పక్కకి నెట్టి, అతని పక్కన నేలమీద కూర్చుంది. ఎదురింటి బాల్కనీ ఆవిడ బట్టలు తీస్తూ వంగి చూసింది.

"ఏంటమ్మా, ఇక్కడ తింటున్నారు?"

"గాలి బాగుందాంటీ."

గాలేమీ లేదు. ఇద్దరూ తిన్నారు. తిన్నాక కూతురు రెండు పళ్లేలూ ఒకే చేత్తో ఎత్తుకెళ్లి ఒకే నీళ్లతో కడిగింది. బావ చూస్తూ కూర్చున్నాడు. ఆమె తల్లి ఉన్నా అదే చేసేది, కాకపోతే ఇంకో పది మాటలు ఎక్కువ.

*

పెద్దాసుపత్రిలో ఆ జబ్బుకి వేరే గది ఉంది. గదిలో ఒక నర్సు. కళ్లజోడు తాడుతో మెళ్లో వేలాడుతోంది. ఎదుటివాళ్ల భయాన్ని చూసి చూసి విసుగెత్తిన మనిషిలా ఉంది. సూది గుచ్చి రక్తం తీసింది. పొట్టమీద చల్లగా ఏదో రాసి లివరు చూశారు. తిరిగి గదిలోకొచ్చి కూర్చున్నాక ఆమె అడిగింది.

"మందు అలవాటుందా?"

"లేదు. తాగేవాళ్లకే వస్తుందంటున్నాడు మా బావమరిది."

"మీ బావమరిది డాక్టరా?"

"సోఫాలు."

"అయితే సోఫాల గురించి అడగండి."

కూతురు ఫక్కున నవ్వింది. బావకి కూడా నవ్వు పెదవిదాకా వచ్చింది.

నర్సు చెప్పుకుంటూ పోయింది. ఈ పురుగు రక్తంలో ఉంటుంది. రక్తంలోంచి రక్తంలోకి పోతుంది. కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు, దగ్గితే రాదు, ఒక గ్లాసుతో తాగితే రాదు. గడ్డం బ్లేడు, పళ్ల బ్రష్షు, గోళ్ల కత్తెర, అవి మాత్రం ఎవరివి వాళ్లకి. ఒంట్లో చేరాక ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యదు. మనిషి గుర్రంలా తిరుగుతూనే ఉంటాడు, లోపల అది లివరుని కొరుకుతూ ఉంటుంది. ఇవాళ తీసిన రక్తంలో పురుగు ఇంకా ఉందని తేలితే మాత్రలిస్తారు. రోజుకొకటి, మూడు నెలలు. నూటికి తొంభై అయిదుమందికి నయమైపోతుంది, ఏ నలుగురైదుగురో మిగిలితే వాళ్లకి వేరే మందుంది.

"నయమైపోతుందంటే, అణిగి ఉంటుందా?" అన్నాడు బావ.

"పోతుందంటున్నాను కదండీ. ఉండదు. అంతే."

బావ చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు వాటినే చూశాడు. వేళ్లనిండా గీతలు, పాతవీ కొత్తవీ. నర్సు కూడా చూసింది.

"ఇవేంటి? ఏం పని మీది?"

చెప్పాడు. చీలలు, నోరు, మూకుడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది.

"మేకులు నోట్లోంచి తీసి మళ్లీ అందరూ... అయ్యో రామ! ఉమ్ముతో రాదు సరే, చిగుళ్లు చీరుకుంటే రక్తమే కదా. ఎవరి మేకులు వాళ్లు పెట్టుకోండి, చచ్చి మీ కడుపున పుడతాను."

అంటే బావమరిది మూకుడు తీసెయ్యడం సబబే. ఆ మాట బావకి చేదుగా దిగింది. తీసెయ్యాల్సింది అందరి మూకుడు. తీసింది ఒక్కడి సుత్తి.

"ఇంకా ఏమైనా పంచుకుంటారా మీరు? సూదులూ గట్రా?"

బావ తలెత్తాడు.

"దబ్బనం," అన్నాడు.

సోఫా వీపుకి బొత్తాలు కుట్టాలంటే మూరెడు పొడుగు దబ్బనం కావాలి, రెండుపక్కలా మొనలున్నది. ముందు ఒకడు కూర్చుని గుచ్చుతాడు. వెనక ఒకడు కూర్చుని అందుకుని తిరిగి గుచ్చుతాడు. మధ్యలో దట్టంగా పీచు, ఒకరికొకరు కనబడరు. మొన ఎక్కడ తేలుతుందో వెనకవాడికి తెలీదు. అరచేతిలోనే తేలుతుంది చాలాసార్లు. దానికి ఆ పనిలో సుంకం అని పేరు. "అబ్బా!" అని వెనకనుంచి వినబడితే "సుంకం కట్టావా?" అని ముందునుంచి నవ్వుతారు. సుంకం కట్టందే పని రాదని సామెత కూడా ఉంది. కట్టినవాడు వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, దబ్బనాన్ని పంట్లాముకి తుడిచి అవతలికి పంపిస్తాడు. దుకాణం మొత్తానికి అదొక్కటే దబ్బనం. ఆ నలుగురిలో దానికి సుంకం కట్టనివాళ్లు లేరు.

నర్సు కలం కింద పెట్టింది.

"ఆ మిగతా ముగ్గుర్నీ పంపించండి," అంది. "సుంకం వసూలుకి నేనున్నాను."

గదిలోంచి బయటికొస్తుంటే కూతురు వేలు చూపించింది. దూది చుక్క అంటించి ఉంది. అతను లివరు గదిలో ఉన్నప్పుడే ఆమె కూడా రక్తం ఇచ్చింది.

"నాకేం లేదట," అంది. "ఇక ఆ సొట్ట పళ్లెం పావురాలకే ఇచ్చెయ్."

*

దుకాణానికి వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు బావ. అక్కణ్ణుంచి లోపలంతా కనిపిస్తుంది. హోటలు వాళ్ల పొడుగాటి వంపు సోఫాకి బొత్తాలు కుడుతున్నారు. ముందు మిషనమ్మ, వెనక నిచ్చెన. నిచ్చెన మోకాళ్లు మడిచి కూర్చుంటే గడ్డానికి తగులుతున్నాయి. బావమరిది బల్ల దగ్గర టీ తాగుతున్నాడు.

చెప్పకపోతే ఏం పోయింది? అతని సుత్తి గోడకి వేలాడుతున్నప్పుడు ఒక్కడూ తియ్యలేదు. మిషనమ్మ జోకు వేసింది, నిచ్చెన నవ్వు ఆపుకున్నాడు, అంతకంటే ఏం చేశారు? అతన్ని రక్తం కారే పనికి తోసేసి, వాళ్లు రక్తం తాగే దబ్బనాన్ని పట్టుకుని కూర్చున్నారు. కూర్చోనీ. ఎవరి ఖర్మ వాళ్లది.

దబ్బనం వీపులోకి దిగింది.

"అబ్బా!"

"కట్టావా సుంకం?" మిషనమ్మ పకపకా నవ్వింది. "నీ చెయ్యి అంత పొడుగు, అదీ ఎక్కడపెట్టాలో తెలీదు."

నిచ్చెన వేలు నోట్లో పెట్టుకున్నాడు. పంట్లాముకి దబ్బనం తుడిచాడు. బావకి ఒళ్లు మండింది. మంచితనం కాదు. కళ్లెదుట పని తప్పుగా జరుగుతుంటే ఊరుకోవడం ఆ జన్మకి చేతకాదు.

"దబ్బనం కింద పెట్రా."

ముగ్గురూ చూశారు.

"కింద పెట్టమన్నానా! ఈ జబ్బు ఉమ్ములో ఉండదు. రక్తంలో ఉంటుంది. పెద్దాసుపత్రి నర్సు చెప్పింది. మీరు నా నోరు మూశారు, దబ్బనాన్ని వదిలేశారు."

దబ్బనం గచ్చుమీద పడిన చప్పుడు వినిపించింది. నిచ్చెన తన వేలుని ఎవరిదో వేలు చూసినట్టు చూసుకున్నాడు.

"చూశారా?" బావమరిది గ్లాసు పెట్టి లేచాడు. "నే మొత్తుకోలా? ఇతని వల్ల మనందరికీ..."

"నా వల్ల మీకో, మీ వల్ల నాకో, ఎవరు చూశారు?" బావ గొంతు పెంచలేదు. "చూసింది ఆ దబ్బనం. దాన్నడుగు."

బావమరిది దబ్బనాన్ని చూశాడు. అది జవాబు చెప్పలేదు.

"నేనా? గుర్రంలా ఉన్నా నేను."

"నేనూ గుర్రంలానే ఉన్నాన్రా. రక్తమివ్వడానికి వెళ్లబట్టి తెలిసింది. అదీ మీ ఇంటికోసం వెళ్లబట్టి."

మిషనమ్మ లేచింది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పింది. చేతిసంచి భుజాన వేసుకుంది.

"పద నిచ్చెనా."

"ఎక్కడికి?"

"బావగారు చెప్పిన నర్సు దగ్గరికి. నాకు ఇంట్లో ముగ్గురు పిల్లలు, వాళ్లకి గోళ్లు తీసేదీ నేనే."

"ఇప్పుడా?" బావమరిది గుమ్మానికి అడ్డంగా వచ్చాడు. "హోటలు వాళ్లు ఎల్లుండొస్తున్నారు. ఆ బొత్తాలెవరు కుడతారు?"

"మీరు కుట్టండి. దబ్బనం ఖాళీగానే ఉంది."

వాళ్లు వెళ్లిపోయారు. బావమరిది సోఫా దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. వంగాడు. దబ్బనానికి జానెడు దూరంలో చెయ్యి ఆగింది. బావ షెడ్డులోకి వెళ్లి, చీరుకున్న వేలికి పట్టీ వేసి, తన రక్తం అంటిన పేలికల్ని వేరే సంచిలో వేసి మూతి కట్టాడు. తర్వాత ఉలి అందుకున్నాడు. సాయంత్రం దాకా ముందు గదిలోంచి ఒక్క కుట్టు చప్పుడు కూడా రాలేదు.

*

మర్నాడు పొద్దున మిషనమ్మ వాకిట్లోంచే మొదలెట్టింది.

"నాకేం లేదు, నిచ్చెనకేం లేదు! ఆ మహాతల్లి నర్సు ఏం తిట్టిందండీ బావగారూ! మా అత్తగారు కూడా అన్ని తిట్లు తిట్టలేదు."

ఆవిడ సంచిలోంచి మూడు కొత్త దబ్బనాలు తీసింది. ఒక్కోదాని కంట్లో ఒక్కో రంగు దారం. ఎర్రది తన మిషను పక్కన గుచ్చుకుంది. నీలంది నిచ్చెనకిచ్చింది. పచ్చది తీసుకుని నేరుగా షెడ్డులోకొచ్చి బావ చేతికిచ్చింది.

"ఇకనుంచి ఎవరు గుచ్చినది వాళ్లే వెనక్కెళ్లి లాగాలి. పని నెమ్మదిస్తుంది. నెమ్మదించనీ."

ముందు గదిలోంచి బావమరిది గొంతు. "మరి నాదేది?"

"మీకేం తేలిందో తెలీదుగా అయ్యగారూ," మిషనమ్మ వినయంగా అంది. ఆవిడ వినయంగా మాట్లాడితే ఎదుటివాడు జాగ్రత్తపడాలి. "పరీక్ష చేయించుకుని రండి, ఏ రంగు కావాలంటే ఆ రంగు."

"నా దుకాణంలో నాకే దబ్బనం ఇవ్వవా?"

"గోడకి తగిలించమంటారా?"

నిచ్చెన ఈసారి నవ్వు ఆపుకోలేదు.

ఆ పూటంతా బావమరిది దుకాణంలో పనిలేనివాడిలా తిరిగాడు. కత్తెర అందుకోబోతే నిచ్చెన తన కత్తెర పక్కకి జరుపుకున్నాడు. పేలిక తీసుకోబోతే మిషనమ్మ డబ్బా మూత వేసింది. ఎవరూ మొహంమీద ఏమీ అనలేదు. అనకుండా ఎలా చెయ్యాలో అతని దగ్గరే నేర్చుకున్నారు. మధ్యాహ్నం ఇంటినుంచి భార్య ఫోను చేసింది. ఆవిడకి ఎవరు చెప్పారో ఏమో. అతను ఫోను చెవికి ఆనించుకుని "ఊఁ... ఊఁ... అది కాదే..." అంటూ వాకిట్లో అటూ ఇటూ నడిచాడు. ఫోను పెట్టేశాక షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు.

బావ చీలతల కింద ఉలి దూర్చి ఉన్నాడు.

"బావా."

ఒక పోటు. చీల ఎగిరి పడింది.

"నాకు సూదంటే పడదు. నీకు తెలుసుగా."

తెలుసు. చిన్నప్పుడు టీకా మందంటే మంచం కిందకి దూరేవాడు. వాళ్లక్క కాళ్లు పట్టి లాగేది. రోజంతా దబ్బనంతో పొడిపించుకునేవాడికి సన్నటి సూదంటే ప్రాణం పోతుంది. మనుషులంతే.

"నువ్వొస్తావా నాతో?"

ఇంకో పోటు. ఆ చీల రాలేదు, తల తెగింది. బావ పటకారు తీసుకుని దాన్ని నెమ్మదిగా, మొదలంటా లాగాడు. తర్వాత లేచి చేతులు కడుక్కున్నాడు. జాలిపడి కాదు. వాళ్లక్క ఉంటే పంపేది, అందుకని.

నర్సు ఇద్దర్నీ చూసింది. కళ్లజోడు పెట్టుకుంది.

"సోఫాల డాక్టరుగారు మీరేనా?"

బావమరిది బావవైపు చూశాడు. బావ గోడమీదున్న గడియారం చూస్తున్నాడు.

వేలికి సూది తగిలేలోపే బావమరిది కళ్లు మూసుకున్నాడు. అతని రెండో చెయ్యి బావ చొక్కా చేతిని పట్టుకుంది. ఏ చేత్తో గుడ్డపేలిక అడ్డం పెట్టుకుని సుత్తి ఎత్తాడో అదే చెయ్యి. బావ విదిలించుకోలేదు. పట్టుకోనిచ్చాడు, అంతకంటే ఏమీ చెయ్యలేదు. పరీక్ష తేలేదాకా వరండాలో బల్లమీద కూర్చున్నారు. బావమరిది చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"బావా, ఉందంటే?"

"మాత్రలున్నాయి."

"అంతేనా?"

"అంతే."

"నీకు భయం వెయ్యలా?"

వేసింది. ఆ రోజు ఈ మాట అడిగి ఉంటే చెప్పేవాడేమో.

నర్సు ఇద్దర్నీ పిలిచింది. బావమరిదికి ఏమీ లేదు. అంత పెద్ద మగాడూ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని భోరుమన్నాడు. తర్వాత ఆవిడ బావ కాగితం తీసింది. పురుగు ఉంది. లివరు గట్టిగానే ఉంది, వేళకి పట్టుకున్నాం అంది. మాత్రల సీసా బల్లమీద పెట్టింది. బావ అక్కడే సీసా మూత తిప్పి, ఒక మాత్ర తీసి, గదిలో ఉన్న గ్లాసుతో నీళ్లు పోసుకుని మింగాడు. జబ్బు లేనివాడు ఏడుస్తున్నాడు, ఉన్నవాడు నీళ్లు తాగుతున్నాడు. నర్సు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

బావ గ్లాసు కింద పెట్టబోతుంటే బావమరిది చెయ్యి చాపాడు. ముక్కు తుడుచుకుంటూ, ఆ మిగిలిన నీళ్లు తాగేశాడు. కావాలని తాగాడో, గొంతెండి తాగాడో బావ అడగలేదు.

*

హోటలు వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే దుకాణం తెరిచి ఉంది. బావ వచ్చేసరికి ముందుగదిలో అతని పీట ఉన్నచోటే ఉంది. పీటకి ఎదురుగా వంపు సోఫా, చేతులకి గుడ్డ బిగించడం ఒక్కటే మిగిలింది. పక్కన మూడు చిన్న చీలల డబ్బాలు, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం చుట్టి ఉంది. ఇనప మూకుడు వాకిట్లో ఉంది. మిషనమ్మ దాన్నిండా నీళ్లు పోసి పిచికలకి పెట్టింది.

బావమరిది వెనకవైపునుంచి వచ్చాడు. ప్లాస్టిక్ సంచి ముడి విప్పడానికి వీల్లేక పళ్లతో కొరికి తెంపాడు. సుత్తిని ఉత్తచేత్తో తీశాడు. తోలు చుట్టిన పిడిని చొక్కాకేసి తుడిచాడు. తుడుస్తూ అక్కడ ఆగాడు, ఆ కుట్టు ఎవరిదో అప్పుడే గుర్తొచ్చినట్టు. పిడివైపు బావకి అందేలా పట్టుకుని ముందు నిలబడ్డాడు.

మిషనమ్మ తొక్కడం ఆపింది. నిచ్చెన నిచ్చెనలాగే నిలబడ్డాడు.

బావ సుత్తి అందుకున్నాడు. బరువు చూశాడు. అదే బరువు.

"బావా," అన్నాడు బావమరిది. "ఆ రోజు నేను చేసింది..."

బావ వంగి పచ్చదారం డబ్బాలోంచి గుప్పెడు చీలలు తీసి నోట్లో వేసుకున్నాడు.

"అది కాదు బావా, నన్ను ఒక్క మాట..."

బావ తన నోటివైపు వేలు చూపించాడు. నిండుగా ఉంది. ఎడంచెయ్యి గుడ్డని సోఫా వంపుమీదికి లాగింది, ముడత పడకుండా, దారం తిరక్కుండా. నాలుక చీలని తిప్పింది. అయస్కాంతం పెదాల్ని తాకింది. ఒక దెబ్బకి నిలబడింది. రెండో దెబ్బకి దిగింది. ఇంకోటి. ఇంకోటి. సోఫా చెయ్యి వంపు చుట్టూ చీలతలలు వరసగా, పళ్లలా తేలాయి. నిచ్చెన ఈల వేశాడు. మిషను మళ్లీ కదిలింది. బావమరిది కాసేపు నిలబడి, మాట మింగి, గుడ్డ రెండో అంచు పట్టుకుని లాగాడు. లాగాల్సినంతే లాగాడు. అది బావ నేర్పిందే.

హోటలు మనిషి వచ్చి సోఫా చుట్టూ తిరిగి, చేతుల వంపు నిమిరి చూశాడు. "ఇది బావగారి పనే కదూ?" అన్నాడు. "అన్నట్టు ఒంట్లో బాలేదని విన్నాను?"

బావ నోట్లోంచి ఇంకో చీల తీశాడు.

మూడు నెలల తర్వాత సీసా ఖాళీ అయింది. ఆ తర్వాత ఇంకో మూడు నెలలకి మళ్లీ రక్తం తీసి, ఏమీ లేదు, పోయింది అన్నారు. నర్సు కళ్లజోడు తీసి చెయ్యి కలిపింది. కూతురు ఆసుపత్రి మెట్లమీదే బస్సు హారన్లా అరిచింది. బావ నేరుగా దుకాణానికి వచ్చి పీటమీద కూర్చున్నాడు. ఏమన్నారు బావా అని బావమరిది లేచి నిలబడి అడిగాడు. కూతురు ఫోను చేసి చెప్పేదాకా అతనికి తెలియలేదు.

మన్నించాననే మాట బావ అప్పుడూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. సుత్తి మాట, సంచి మాట, గోడ మాట ఎవరెత్తినా అతని చెయ్యి పచ్చదారం డబ్బాలోకి పోయేది.